సూది వేసే ముందు మెడ వంచమనండి

సంపాదకులకు,

అయ్యా,

దర్శి, పొదిలి, కనిగిరి, ఉదయగిరి వైపు ఏ ఊళ్లో మోకాళ్ల నొప్పులని చెప్పుకున్నా వచ్చే జవాబు ఒకటే: "గుజ్జు అరిగింది". ఆ వెంటనే నొప్పికి ఒక డైక్లోఫెనాక్ సూది, పొట్లంలో నాలుగు రంగుల బిళ్లలు. అరిగినవాళ్లు లేరని కాదు. కానీ ఈ మెట్ట ప్రాంతంలో కీళ్లు పట్టెయ్యడానికి తాగే నీళ్లు కూడా కారణమని 1937 నుంచీ తెలుసు. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఫ్లోరోసిస్ (నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ ఒంట్లో చేరి వచ్చే జబ్బు) మీద మన దేశంలో తొలినాటి వైద్య నివేదిక రాసింది నెల్లూరు జిల్లా గురించే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు కిందే ఉండేవి, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. జిల్లా పేరు మారింది గానీ, కీళ్ల నొప్పితో వచ్చిన మనిషిని "ఏ నీళ్లు తాగుతున్నావమ్మా?" అని అడగడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

ముందు ఆ గుజ్జు సంగతి. ఎముకల చివరలకు అంటుకుని ఉండే నున్నటి తెల్లటి పొర అది. మోకాట్లో దాని మందం సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్లు, చిప్ప వెనక ఇంకాస్త ఎక్కువ. దానికి నరాలు లేవు, అందుకే అరగడం మొదలైనప్పుడు నొప్పి తెలియదు. నొప్పి పుట్టేది దాని కింది ఎముకలో, కీలును కప్పి ఉన్న పొరలో. రక్తనాళాలూ లేవు కాబట్టి దానికి పోషణ అందేది కీలులోని జిగట ద్రవం నుంచే. అడుగు వేసి బరువు మోపితే లోపలి తడి బయటికి వస్తుంది, బరువు తీస్తే స్పాంజిలా మళ్లీ పీల్చుకుంటుంది. కాలు కదలకపోతే ఆ పోషణే ఆగిపోతుంది. "నెల రోజులు మంచం దిగొద్దు" అనే సలహా అందుకే తప్పు. కీలు బాగా వాచి వేడెక్కినప్పుడు రెండు మూడు రోజుల విశ్రాంతి చాలు.

అరుగుదలకు మన పనులూ తోడవుతాయి. పొగాకు గ్రేడింగ్ చేసే ఆడవాళ్లు రోజంతా నేల మీదే కూర్చుంటారు, డెల్టాలో నాట్లు, కలుపు అంతా వంగే చెయ్యాలి. మామూలుగా నడవడానికి మోకాలు 60, 65 డిగ్రీలు మడిస్తే సరిపోతుంది. గొంతుక్కూర్చోవాలంటే 130 దాటాలి, అంత మడిచినప్పుడు చిప్ప వెనక ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఒళ్లు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. ఏ బిళ్లకీ ఇంత గుణం లేదు.

ఇక ఎవరిది అరుగుదల, ఎవరిది వాతం, ఎవరిది ఫ్లోరైడ్ అన్నది చాలావరకు నాలుగు ప్రశ్నలతోనే తేలుతుంది. పొద్దున లేవగానే బిగుసుకున్న కీలు అరగంటలోపు వదిలి, సాయంత్రానికి నొప్పి ఎక్కువైతే అరుగుదల కావచ్చు. బిగువు గంటకు మించి ఉండి, రెండు చేతుల వేళ్ల మొదటి, మధ్య కణుపులు ఒకేలా వాస్తే రుమటాయిడ్ కీళ్లవాతాన్ని అనుమానించాలి. దీనికి రక్తపరీక్ష, నిపుణుడి వైద్యం త్వరగా కావాలి, ఆలస్యమైతే వేళ్లు వంకర తిరుగుతాయి. అర్ధరాత్రి కాలి బొటనవేలు ఒక్కటే నిప్పులా మండితే యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే గౌట్ కావచ్చు. జ్వరంతో పాటు ఒక కీలు వాచి, ముట్టుకోనివ్వకపోతే చీము పట్టి ఉండవచ్చు, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఫ్లోరైడ్ తీరు వేరు. అది ఏళ్ల తరబడి ఎముకలో పేరుకుంటుంది. కీళ్ల చుట్టూ ఎముకలను కలిపి ఉంచే పట్టీలు (లిగమెంట్లు) సున్నం చేరి గట్టిపడతాయి. వెన్ను, మెడ ముందు బిగుస్తాయి, తర్వాత తుంటి, మోకాళ్లు. గుజ్జు బాగానే ఉన్నా కీలు వంగదు. మూడు పనులు చేయించి చూస్తే అనుమానం తెలుస్తుంది: మోకాళ్లు మడవకుండా వంగి కాలివేళ్లు ముట్టుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి చేర్చడం. దీనికి రెండు నిమిషాలు పట్టదు, రూపాయి ఖర్చు లేదు. చేయలేకపోతే మోకాలి ఎక్స్‌రే ఒక్కటే తీసి వదలకూడదు, ముంజేతిదీ తీయించాలి. అక్కడి రెండు ఎముకల మధ్య పొరలో సున్నం కనిపించడం ఫ్లోరోసిస్‌కు పేరున్న గుర్తు. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా ఉంది. పళ్ల మీద గార ఒక్కటే చూసి తేల్చకండి. ఆ మచ్చలు చిన్నప్పుడు పళ్లు ఏర్పడే వయసులో తాగిన నీళ్లవి. పెళ్లై ఈ ఊరొచ్చిన కోడలి పళ్లు తెల్లగానే ఉండి వెన్ను బిగుసుకోవచ్చు.

బిగిసిన ఎముకను పూర్వస్థితికి తెచ్చే మందు లేదు. నీళ్లు మార్చి, పాలు, రాగులు, ఆకుకూరలతో కాల్షియం, సి విటమిన్ అందిస్తే ముదరడం ఆగుతుంది, నొప్పులూ తగ్గుతాయి. ఆ నీళ్లే తాగుతూ సూదులు వేయించుకుంటే ఒరిగేది లేదు, పైగా కొత్త జబ్బులు. ఎండలో చెమటోడ్చి నీళ్లు చాలక ఉన్న ఒంటికి రోజూ నొప్పి బిళ్లలు పడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, కడుపులో పుండ్లు పడతాయి. పొట్లంలో పేరు చెప్పకుండా ఇచ్చే చిన్న బిళ్ల తరచుగా స్టెరాయిడ్. రెండు రోజుల్లో నొప్పి మాయం, ఆకలి పెరుగుతుంది, ముఖం గుండ్రమవుతుంది. నెలల తరబడి వాడితే షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, తుంటి బంతికి రక్తం అందక అది కుంగిపోతుంది. వాడుతున్నవాళ్లు హఠాత్తుగా మానేయకూడదు, డాక్టరు చెప్పిన ప్రకారం కొంచెం కొంచెంగా తగ్గించాలి.

నీళ్ల దగ్గర జరిగే మోసం ఇంకొకటి. క్యాన్ నీళ్లవాళ్లు టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపిస్తారు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటి మొత్తం. వందల్లో ఉండే ఆ అంకెలో ఫ్లోరైడ్ ఒకటి రెండు మిల్లీగ్రాములే, మీటరుకు అది ఆనదు. తియ్యగా ఉన్న నీళ్లలోనూ ఫ్లోరైడ్ ఎక్కువ ఉండవచ్చు. కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరు, యూవీ ఫిల్టరు దీన్ని తీయవు. ఆర్‌వో తీస్తుంది, కానీ పొర పాతబడితే అదీ వదిలేస్తుంది. వంటకు బోరు నీళ్లే వాడి తాగడానికి మాత్రం క్యాన్ తెచ్చుకునే ఇళ్లలో అన్నం, పప్పు ద్వారా ఫ్లోరైడ్ లోపలికి పోతూనే ఉంటుంది.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్‌కు భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు లేనిచోట 1.5 దాకా సర్దుకోమంటుంది. మన దగ్గర ఆ సర్దుబాటే ప్రమాణమైపోయింది. వేసవిలో కూలికి వెళ్లే మనిషి ఆరు లీటర్లు తాగితే 1.5 ఉన్న నీళ్లతోనే రోజుకు 9 మిల్లీగ్రాములు. ఎండ ప్రాంతానికి 1 దాటకూడదనే పట్టుబట్టాలి.

అధికారులను అడిగేది పెద్ద ఆసుపత్రులు కాదు. ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం 2008-09 నుంచి ఉంది. గ్రామాల్లో మహిళలకు జల్ జీవన్ మిషన్ కింద నీటి పరీక్ష కిట్లు ఇచ్చి నేర్పించారు. ఫ్లోరైడ్ పరీక్షలో రంగు గులాబీ నుంచి పసుపుకు తిరిగితే ఎక్కువ ఉన్నట్టు. ఆ ఫలితాన్ని రిజిస్టరులో దాచకుండా ప్రతి బోరు మీద, ప్రతి ఆర్‌వో ప్లాంటు గోడ మీద తేదీతో సహా పెయింటుతో రాయించాలి. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా విభాగం) ప్రయోగశాల ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ఒకసారి, వానల తర్వాత ఒకసారి, దాన్ని సరిచూడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఓపీ చీటీ మీద కీళ్ల నొప్పి అని రాస్తే, పక్కనే తాగే నీరు ఏది, పైన చెప్పిన మూడు పనులు చేయించి చూసిన ఫలితం ఏమిటి అని రెండు గడులు అచ్చు వేయించాలి.

వారానికి ఒక రోజు ఫిజియోథెరపిస్టును మండల కేంద్రానికి పంపించాలి. మోకాలు అరిగినవాళ్లకు నేర్పాల్సింది కొంచెమే: కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి 5 సెకన్లు ఉంచడం. రెండో మోకాలు మడిచి పడుకుని, ఈ కాలును నిటారుగా అడుగు ఎత్తు లేపి 5 సెకన్లు ఆపడం. ఒక్కోటి పదిసార్లు, రోజుకు రెండు పూటలా, నెలన్నర పాటు. తొడ ముందు కండ బలపడితే కీలు మీద ఒత్తిడి తగ్గుతుంది. రాత్రి హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టి పడుకునే అలవాటు మాన్పించాలి, కాలు వంగినచోటే బిగుసుకుపోతుంది. ఫ్లోరోసిస్ ముదిరి వెన్ను బిగిసినవాళ్లను మాత్రం బలవంతంగా వంచడం, మర్దన పేరుతో తొక్కడం చేయకూడదు. ఆ వెన్నులో నరాల దారి ఇరుకై ఉంటుంది, కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది.

– ఒక ఫిజియోథెరపిస్టు,
దర్శి, ప్రకాశం జిల్లా