బకెట్టు నిండా వద్దు, బొటనవేలంత చాలు

కళింగపట్నం

అమ్మలూ,

అమావాస్యకి చింతపల్లి రాళ్ల మీద మందు గుణం పరీక్షకి స్పాంజిలు (రాళ్లకి అంటుకుని బతికే సముద్ర జీవులు) తీస్తామని రాశావు. ఆ రోజు పాటు బాగా లాగుతుంది. నీరు పూర్తిగా దిగడానికి గంట ముందే అక్కడుండు. పోటు మొదలైతే సంచి సర్దెయ్యి, నాచు రాయి మీద పరుగు పనికిరాదు.

తొలి పరీక్షకి ఒక్కో స్పాంజి నుంచి బొటనవేలంత చాలు. అడుగు రాయికే అంటి ఉంటే మళ్లీ పెరుగుతుంది. కరీబియన్ స్పాంజిలో దొరికిన పదార్థాలు చూపిన దారిలోనే రక్త క్యాన్సర్ మందు సైటారబిన్ వచ్చింది, ఆ మందుని ఇప్పుడు ఫ్యాక్టరీలోనే చేస్తారు. బకెట్లు నింపేవాళ్లకి ఈ మాట చెప్పు.

కోసే ముందే స్కేలు పక్కన పెట్టి ఫోటో తియ్యి. ఇథనాల్‌లో రంగు నిలవదు, తర్వాత పసుపో ఎరుపో ఎవరూ చెప్పలేరు.

ముక్కని మూడు చెయ్యి. ఒకటి డీఎన్ఏకి: 95 శాతం ఇథనాల్, ముక్కకి పదింతలు. స్పాంజి ఒంటినిండా నీరే, అది ఇథనాల్‌ని పలచన చేస్తుంది. అందుకే మర్నాడు పారబోసి కొత్తది పొయ్యాలి. చాలామంది తప్పేది ఇక్కడే. రెండోది మందు గుణం చూడ్డానికి: ఏ ద్రవమూ వద్దు, కవరులో గాలి పిండేసి ఐసులో, ల్యాబుకి రాగానే ఫ్రీజరులో. కరిగిన ఐసు నీళ్లు కవరులోకి దిగాయా, మంచినీటికి కణాలు పగిలి సారం కారిపోతుంది. మూడోది లోపలి సన్నని సూదులు చూడ్డానికి. బ్లీచులో మెత్తటిదంతా కరిగి సూదులు మిగులుతాయి, జాతిని పట్టిచ్చేది వాటి ఆకారమే. ఫార్మలిన్ చేతికిచ్చినా తీసుకోకు, డీఎన్ఏని చెడగొడుతుంది.

చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వెయ్యి. పైన మార్కర్‌తో రాస్తే ఇథనాల్ చుక్క పడగానే చెరిగిపోతుంది. తేదీ, జీపీఎస్, లోతు, నీటి వేడి, అంతే.

శంకువు ఆకారపు నత్త కనిపిస్తే చేత్తో పట్టకు, జేబులో అసలే వెయ్యకు. బాణంలాంటి పన్నుతో పొడుస్తుంది, విరుగుడు మందు లేదు. వెడల్పు వైపు పట్టుకుంటే భయం లేదంటారు గానీ నమ్మకు, ఆ పన్నుని విసిరే గొట్టం వెనక్కి కూడా తిరుగుతుంది. అలాంటి నత్త విషం నుంచే నొప్పి మందు జికోనోటైడ్ వచ్చింది, అమెరికాలో 2004లో అనుమతి దొరికింది.

లోతు నీటి జీవుల్ని ట్రాలర్ (వల లాగే పెద్ద పడవ) నుంచి తెచ్చుకుంటే, ఒత్తిడి కన్నా వేడి గురించే ఎక్కువ ఆలోచించు. బంగాళాఖాతంలో పైన నీరు 28 డిగ్రీలుంటే వెయ్యి మీటర్ల కింద ఏడుకి అటూఇటూ. గాలితిత్తి లేని జీవిని చాలాసార్లు చంపేది పైనున్న ఆ వెచ్చదనమే. వల ఎత్తకముందే చల్లబరచిన సముద్రపు నీరు ఐసు పెట్టెలో సిద్ధంగా ఉండాలి.

సముద్ర దోసకాయ వలలో పడితే నీళ్లలోకి వదిలెయ్యి. 1972 వన్యప్రాణి చట్టం కింద అది రక్షిత జీవి, అనుమతి కాగితం లేకుండా ముట్టకూడదు.

నాన్న