1969ని బిట్లకు వదిలేయకండి, మంత్రి గారూ

తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. బ్యాంకుల జాతీయీకరణ ఎప్పుడని అడిగితే పోటీ పరీక్షలకు చదివే పిల్లలు తడుముకోకుండా 1969 జులై 19 అంటారు. చంద్రుడి మీద మనిషి దిగింది? 1969 జులై. ఇస్రో పుట్టింది? 1969 ఆగస్టు 15. అన్నిటికీ మార్కులు పడతాయి. ఇవన్నీ ఒక్క నెల అటూ ఇటూగా జరిగాయన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. ఒకటి ఎకానమీలో, ఒకటి సైన్సులో, ఇంకోటి కరెంట్ అఫైర్స్ గైడ్‌లో చదివితే ఎలా తడుతుంది?

అందుకే నా మనవి. హైస్కూల్ సోషల్‌లో తరగతికి ఒక ఏడాదిని తీసుకుని, జనవరి నుంచి డిసెంబరు దాకా ఒకే పాఠంగా పెట్టించండి. మొదలుపెట్టడానికి 1969ని మించింది లేదు.

ఆ జులైనే చూడండి. రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మే 3న కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి ఆ బాధ్యతలు చూస్తున్నారు. జులై 19న 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టి, రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడటానికి మర్నాడే రాజీనామా ఇచ్చేశారు. కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆయనా లోక్‌సభ స్పీకర్ పదవి వదులుకుని బరిలోకి దిగారు. దేశంలో అతి పెద్ద పదవికి అసలు పోటీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్యే! రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి కుర్చీలు రెండూ ఖాళీ కావడంతో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. అలాంటి పరిస్థితి వస్తే ఏం చేయాలో చెప్పే చట్టం కూడా ఆ మే నెలలోనే చేశారు.

గిరి రాజీనామా చేసిన రాత్రి గడవకముందే, మన టైం ప్రకారం జులై 21న రెండు గంటలకు కాస్త ముందు, అపోలో 11 ల్యాండర్ ఈగిల్ చంద్రుడి మీద వాలింది. ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టేసరికి మనకు ఉదయం దాదాపు ఎనిమిదిన్నర. శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నదీ ఆ ఏడాదే. ఆగస్టులో రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గానీ గిరి గెలవలేదు, నవంబరుకల్లా కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది. ఇంత కథను నాలుగు ఆప్షన్ల కింద పాతేశాం.

ఇక మన సంగతి. ఆంధ్ర, తెలంగాణ కలిసేముందు 1956లో నాయకులు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలోని రక్షణలు అమలు కావడం లేదని, స్థానికుల ఉద్యోగాలు పోతున్నాయని ఆ జనవరిలో మొదలైన ఆందోళన కొద్ది వారాల్లోనే ప్రత్యేక రాష్ట్రం డిమాండ్‌గా మారింది. కాలేజీలు మూతపడ్డాయి, కాల్పులు జరిగాయి, విద్యార్థులు చనిపోయారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 సీట్లలో 10 ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితికి ఎందుకు వచ్చాయో ఈ ఏడాది తెలియకుండా అర్థం కాదు. పాఠంలో కాల్పుల దగ్గర మాటలు మింగొద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

గాంధీ శతజయంతి కూడా అదే ఏడాది. అక్టోబరు 2కి రెండు వారాల ముందే అహ్మదాబాద్ మత కలహాలతో భగ్గుమంది. శతజయంతికని వచ్చిన ‘సరిహద్దు గాంధీ’ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అక్కడికీ వెళ్లారు. ఇది బిట్టుగా అడగడానికి పనికిరాదు గానీ, పిల్లలు ఆలోచించాల్సింది ఇక్కడే. విశ్వనాథన్ ఆనంద్ పుట్టింది కూడా 1969లోనే అనుకోండి. పుట్టినరోజు ఆ ఏడాది గురించి ఏమీ చెప్పదు కాబట్టి దాన్ని క్విజ్‌లకే ఉంచుదాం.

అప్పుడు కాలేజీలో ఉన్నవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటేశారు. ఆ జులై 21న ఎక్కడున్నారు, కాలేజీ తెరిచారా, వార్త ఎలా తెలిసింది అని పిల్లల చేత వాళ్లను అడిగించి, రాయించి, ఆ ప్రాజెక్టుకు ఇంటర్నల్ మార్కులు ఇవ్వండి. ఆలస్యం చేస్తే అడగడానికి మనుషులు ఉండరు. వచ్చే ఏడాది పుస్తకాలు ప్రింటింగ్‌కు వెళ్లేలోపు పాఠ్యపుస్తకాల కమిటీకి ఈ మాట చేర్చగలరా?

ఇట్లు,
ఒక పాఠకుడు