సిస్టర్ల సేవాచరిత్రను రాసి పెట్టుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 2న సమాధుల పండుగ నాడు మా గుంటూరు ప్రాంతంలో క్రైస్తవ కుటుంబాలు తమవారి సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. బడులు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలు నడిపి కన్నుమూసిన కథోలిక సిస్టర్ల సమాధుల దగ్గరికి మాత్రం బిడ్డలంటూ, మనుమలంటూ ఎవరూ రారు. తోటి సిస్టర్లే శుభ్రం చేసి, జపమాల చెప్పుకొని వెళతారు. ఒకే కొలతలో కట్టిన ఆ చిన్న సిమెంటు శిలువల మీద పేరు, పుట్టిన తేదీ, మాటపట్టు (సన్యాస వ్రతం తీసుకొన్న) తేదీ, మరణించిన తేదీ ఉంటాయి. ఆమె ఏయే ఊళ్లలో పనిచేసిందో, ఎవరికి చదువు చెప్పిందో, ఎవరికి పురుడు పోసిందో వాటి మీద కనిపించదు. తాము చేరిన సభ (సన్యాసినుల సంస్థ) పెద్దలు పంపిన చోటికల్లా వెళ్లడం వారి నియమం గనుక, ఒక ఊళ్లో పదేళ్లు సేవ చేసిన సిస్టర్ మరో జిల్లాలో మరణిస్తే, మొదటి ఊరివారికి కబురైనా అందదు.

ఇందుకు పెద్ద ఉదాహరణ డాక్టర్ సిస్టర్ మేరీ గ్లోరీ. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1887లో పుట్టి, మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, ఆ నగరంలో డాక్టరుగా నిలదొక్కుకొన్న ఆమె, స్కాట్లండ్ వైద్యురాలు ఆగ్నెస్ మెక్‌లారెన్ గురించి 1915లో ఒక చిన్న కరపత్రం చదివారు. మగ డాక్టరుకు చూపించుకోలేని భారతీయ స్త్రీలు వైద్యం అందక చనిపోతున్నారన్న సంగతి ఆమెను నిలవనీయలేదు. 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి జేఎంజే (జీసస్ మేరీ జోసఫ్) సిస్టర్ల సభలో కలిశారు. కన్యస్త్రీలు వైద్యం చేయడానికి, అందులోనూ పురుళ్లు పోయడానికి, అప్పటి తిరుసభ (కథోలిక చర్చి) చట్టం ఒప్పుకొనేది కాదు. పోపు పదిహేనవ బెనెడిక్ట్ ప్రత్యేకంగా అనుమతిస్తేనే ఆమెకు ఆ అవకాశం దక్కింది. మిగిలిన సిస్టర్లకు ఆ దారి 1936లో గానీ తెరుచుకోలేదు. చిన్న దవాఖానాగా ఉన్నదాన్ని ఆమె సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిగా పెంచారు, స్థానిక యువతులకు నర్సు పని, మంత్రసాని పని నేర్పించారు. నా దృష్టిలో ఆమె చేసిన అన్ని పనుల్లోకీ ఇదే గొప్పది, ఎందుకంటే డాక్టరు వెళ్లలేని ఇంటికి ఆమె దగ్గర శిక్షణ పొందిన అమ్మాయి వెళ్లగలిగింది. 1943లో కొద్దిమంది సిస్టర్లతో కలిసి ఆమె స్థాపించిన కథోలిక ఆసుపత్రుల సంఘం ఇప్పుడు హైదరాబాద్ ప్రాంతం కేంద్రంగా దేశమంతటా పనిచేస్తోంది. 1957 మే 5న ఆమె బెంగళూరులో కన్నుమూశారు. 2013లో తిరుసభ ఆమెను పునీతురాలిగా గుర్తించే దారిలో తొలి మెట్టైన దైవసేవకురాలిగా ప్రకటించింది. ఇంత చరిత్ర ఉన్న మనిషి పేరు చెబితే, గుంటూరులో పుట్టి పెరిగిన చదువుకొన్న యువకులు సైతం ఎవరని అడుగుతున్నారు.

ఆమె సంగతే ఇలా ఉంటే, ఆమె పక్కన రాత్రంతా లాంతరు పట్టుకొని నిలబడ్డ సిస్టర్లను, పల్లెల్లో ఒంటిగది బడి నడిపిన సిస్టర్లను, కుష్ఠురోగుల పుండ్లు కడిగి కట్లు కట్టిన సిస్టర్లను ఎవరు గుర్తుపెట్టుకొంటారు? 2021లో కరోనా రెండో విజృంభణలో దేశమంతటా ఎందరో సిస్టర్లు మరణించారు. సాగనంపడానికి నలుగురు కూడా రాలేని రోజులవి.

అందువల్ల మేత్రాసనాలకూ (బిషప్పుల పాలనలోని ప్రాంతాలకూ) సభల పెద్దలకూ నాదొక విన్నపం. గతించిన ప్రతి సిస్టర్ స్వగ్రామం, పనిచేసిన ఊళ్లు, సంవత్సరాలు, ఖననం చేసిన చోటు తెలుగులో రాయించి, ఆ ఊళ్లలోని విచారణ (పారిష్) గుళ్లకూ బడులకూ ఒక్కో ప్రతి పంపండి. మఠాల దినచర్య పుస్తకాల్లో ఈ వివరాలు కొంతవరకైనా దొరుకుతాయి. సిస్టర్ల చేతుల్లో పుట్టినవారు, వారి దగ్గర అక్షరాలు దిద్దినవారు ఇప్పుడు ఎనభై ఏళ్లకు చేరుకొన్నారు. వాళ్లను అడిగి రాసుకోవడానికి ఎక్కువ సమయం లేదు. వారిలో హిందువులు, ముస్లింలు కూడా ఎందరో ఉన్నారు కాబట్టి ఈ పని ఒక్క కథోలికులదే అనుకోవడం సరికాదు.

మీ పత్రిక జిల్లా పేజీల్లో నవంబరు నెలంతా వారానికొకసారి పాఠకుల ఇటువంటి జ్ఞాపకాలకు చోటివ్వాలని కోరుతున్నాను. మీరు చిరునామా ప్రకటిస్తే, మా విచారణలోని పెద్దలు చెప్పినవి రాసి పంపే పని నేను ఈ వారమే మొదలుపెడతాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, గుంటూరు