టెంపరేచర్ కంట్రోలర్ బల్బు ఆపలేదు, తొమ్మిది గుడ్లు చచ్చిపోయాయి: కంపెనీకి ఫిర్యాదు

హనుమకొండ,
సెప్టెంబరు 12.

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

నమస్కారం. సెట్ చేసిన వేడి దాటితే బల్బు ఆపి, తగ్గితే మళ్లీ వెలిగించే మీ డిజిటల్ టెంపరేచర్ కంట్రోలర్ ఒకటి జూన్ 18న ఆన్‌లైన్‌లో 640 రూపాయలు పెట్టి కొన్నాను. ఏడాది వారంటీ అని డబ్బా మీదే ఉంది. రెండు నెలలు తిరక్కుండానే అది చెడిపోయింది. దాన్ని నమ్ముకుని పొదగబెట్టిన పన్నెండు పాము గుడ్లలో తొమ్మిది పోయాయి. ఫోన్లో మూడుసార్లు చెప్పినా మీవాళ్లు పట్టించుకోలేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది మోటార్ వైండింగ్ షాపు. ఇళ్లల్లోకి పాములొస్తే ఫారెస్టు వాళ్లకు చెప్పి, పట్టి, అడవిలో వదిలిపెట్టే పని కూడా చాలా ఏళ్లుగా చేస్తున్నాను. జూన్ 27న ధర్మసాగర్ దగ్గర ఒక రైతు వానాకాలం సాగుకు పెంటకుప్ప ఎత్తుతుంటే జెర్రిపోతు గుడ్లు బయటపడ్డాయి. కుప్ప సగం ట్రాక్టర్‌లోకి వెళ్లిపోయింది, తల్లి పాము ఎటో పోయింది. మామూలుగా అయితే అక్కడే పారతో కొట్టేస్తారు. జెర్రిపోతు నాగుపాముకు మొగుడని ఇంకా నమ్మేవాళ్లున్న ఊళ్లు మావి. ఆ రైతు మాత్రం "జెర్రిపోతు ఉంటే చేన్ల ఎలుక ఉండది, వీటిని బతికియ్యన్నా" అన్నాడు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షణ ఉన్న పాము కాబట్టి ఫారెస్టు ఆఫీసులో చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాకే గుడ్లు ఇంటికి తెచ్చాను.

పాము గుడ్డుకు కోడిగుడ్డు లాంటి గట్టి పెంకు ఉండదు. తోలులాగా మెత్తగా ఉంటుంది, చుట్టూ ఉన్న తడిని పీల్చుకుంటుంది. కోడిగుడ్డును రోజుకు నాలుగైదుసార్లు తిప్పుతాం. పాము గుడ్డును తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోవచ్చు. అందుకే కుప్పలో ఉన్నప్పుడు ఏ వైపు పైన ఉందో ఆ వైపు పెన్సిలుతో గీత పెట్టి, ఒకదానికొకటి అతుక్కున్నవాటిని విడదీయకుండా అలాగే ఎత్తాను. చేపలొచ్చే థర్మాకోల్ పెట్టె ఒకటి కడిగి ఎండబెట్టాను. కొబ్బరి పొట్టు తడిపి, పిడికిట్లో పిండితే చుక్క కారనంత తడి ఉంచి, ప్లాస్టిక్ డబ్బాలో పోసి అందులో గుడ్లు పెట్టాను. ఒక మూల నీళ్ల గిన్నె, ఇంకో మూల రేకు డబ్బా కప్పిన 40 వాట్ల బల్బు. మీ కంట్రోలర్ సెన్సారును గుడ్ల పక్కనే ఉంచి 29 డిగ్రీలకు సెట్ చేశాను. ఈ గుడ్లకు 28 నుంచి 30 చాలు, సుమారు రెండు నెలల్లో పిల్లలవుతాయి. 44 రోజులు అంతా బాగానే నడిచింది. గుడ్లు ఉబ్బి, నిండుగా, తెల్లగా ఉన్నాయి.

ఆగస్టు 9 రాత్రి ముసురు. పదకొండు లోపల మూడుసార్లు కరెంటు పోయి వచ్చింది. నేను పడుకునేటప్పుడు 29 చూపిస్తోంది. తెల్లవారి నాలుగున్నరకు మూత తీస్తే ముఖానికి వేడి కొట్టింది. మీ డిస్‌ప్లేలో 40.6 ఉంది, నేను విడిగా పెట్టుకున్న థర్మామీటరులో 41 ఉంది. బల్బు వెలుగుతూనే ఉంది. కానీ రిలే, అంటే బల్బుకు కరెంటు కలిపి తెంపే లోపలి స్విచ్చు, ఆన్‌లో ఉంటే వెలగాల్సిన ఎర్ర లైటు మీ కంట్రోలర్ మీద ఆరిపోయి ఉంది. అంటే సెన్సారు తప్పు చూపలేదు, సెట్టింగులో తప్పు లేదు. బల్బు ఆపమని లోపలి సర్క్యూట్ చెప్పింది, రిలే వదల్లేదు. ఆ క్షణంలోనే ఫోటో తీశాను, జతచేస్తున్నాను.

ఆ రోజే మీకు ఫోన్ చేశాను. పది రోజులైనా జవాబు రాకపోతే కంట్రోలర్ విప్పి చూశాను. రిలే కాంటాక్టులు రెండూ అతుక్కుపోయి ఉన్నాయి. డబ్బా మీద 10 ఆంపియర్లు అని రాశారు. 40 వాట్ల బల్బు పావు ఆంపియర్ కూడా లాగదు. వెలిగే క్షణంలో పదింతలు లాగినా రెండు ఆంపియర్లు దాటదు. రోజూ రిలేలు, స్టార్టర్లు మార్చేవాణ్ణి, ఇంత చిన్న లోడుకు అతుక్కున్న రిలే 10 ఆంపియర్లదని నేను ఒప్పుకోను. కరెంటు పోయి రావడం వల్ల అయిందని మీ మనిషి అన్నాడు. మా దగ్గర వానాకాలంలో కరెంటు పోయి వస్తూనే ఉంటుంది, మా ఊళ్లో అమ్మే వస్తువు దానికి తట్టుకోవాలి.

రెండోసారి ఫోన్ చేస్తే విప్పావు కాబట్టి వారంటీ లేదన్నారు. మూడోసారి "పాము గుడ్లకు వాడమని మేం చెప్పామా" అన్నారు. మీ డబ్బా మీద గుడ్డు బొమ్మ ఉంది, ఇంక్యుబేటర్‌కు, అంటే గుడ్లు పొదిగే పెట్టెకు, పనికొస్తుందని ఉంది. ఏ గుడ్డో రాయలేదు. ఆ రాత్రి అందులో కోడిగుడ్లు ఉన్నా దెబ్బతినే ప్రమాదం ఉండేది.

ఆగస్టు 29న మూడు గుడ్లు చీలాయి. బల్బుకు దూరంగా, అడుగున తడి పొట్టులో ఉన్నవి అవి. పిల్లలు ఒకటిన్నర జాన పొడవున్నాయి. ఫారెస్టు వాళ్లతో వెళ్లి వదిలి వచ్చాం. మిగతా తొమ్మిది మెత్తబడి వాసన వచ్చాక కోసి చూశాను. ఒక్కోదాంట్లో పొలుసులు, కళ్లు, అన్నీ వచ్చిన పిల్ల చుట్టచుట్టుకుని ఉంది. ఆ రాత్రి వేడి తగలకపోతే ఇంకో మూడు వారాల్లో బయటికొచ్చేవి. కోసి చూసినప్పటి నుంచి నాకు అదే కళ్లలో ఉంది.

నా 640 రూపాయలు తిరిగివ్వాలి, అది వారంటీ మాట. అంతకన్నా ముఖ్యం, ఈ బ్యాచ్ రిలేలను పరీక్షించి ఫలితం నాకు రాతపూర్వకంగా తెలపండి. డబ్బాలో ఇచ్చే కాగితం తెలుగులో కూడా ఉండాలి. రిలే అతుక్కుంటే బల్బును ఆపడం ఈ కంట్రోలర్ వల్ల కాదని, వేడి ఎక్కువైతే కరెంటు తెంపే థర్మోస్టాట్ ఇంకొకటి బల్బు వైరులోనే వరుసగా (సిరీస్‌లో) కలుపుకోవాలని అందులో పెద్దక్షరాలతో వేయండి. నాకది ముందే తెలిసుంటే ఇంకో మూడొందలు పెట్టి కలిపేవాణ్ణి. ఇప్పుడు కలిపాను.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబరులో ఫిర్యాదు చేసి, ఆపైన వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. బిల్లు, ఫోటోలు జతచేశాను. అతుక్కున్న రిలే నా దగ్గరే భద్రంగా ఉంది. మీ ఇంజినీరు ఎవరైనా వస్తే చూపిస్తాను, పోస్టులో మాత్రం పంపను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
హనుమకొండ.