బస్తాలు లెక్కపెడితే మిల్లు లాభం తేలదు

సంపాదకుడికి,

అయ్యా,

నెల్లూరు, కోవూరు, బుచ్చి చుట్టుపక్కల ఏ బియ్యం మిల్లు యజమానినైనా పని ఎలా సాగుతోందని అడగండి. ‘రోజుకు ఇన్ని బస్తాలు దిగుతున్నాయి’ అనే అంటారు. ఆ బస్తాలకు ఎన్ని పుట్ల వడ్లు పోశారు, నూక ఎంత పోయింది, మర ఎన్ని గంటలు ఆగింది అని అడిగితే మాత్రం ఆడిటరు వచ్చేదాకా ఆగమంటారు. మార్చిలో వడ్ల కొనుగోలులో జరిగిన పొరపాటు ఏడాది తిరిగాక బ్యాలెన్స్ షీటులో బయటపడితే దిద్దుకోవడానికి ఏం మిగులుతుంది? మిల్లు పనితీరును షిఫ్టుకోసారి కొలవవచ్చు. అందుకు లక్షలు పోసి సాఫ్ట్‌వేరు కొనక్కర్లేదు. ఒక కాటా, తేమ మీటరు, వంద గ్రాములు తూచే చిన్న త్రాసు, గళ్ల పుస్తకం చాలు. కావలసిందల్లా దేన్ని దేనితో భాగించాలో తెలియడం.

ముందు దిగుబడి సంగతి. ప్రభుత్వానికి మర ఆడించి ఇచ్చే ధాన్యానికి క్వింటాకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలన్నది నిబంధన. చాలా మిల్లుల్లో ఈ 67నే గీటురాయిగా పెట్టుకుంటారు. దాటితే ఆపరేటర్ గొప్ప, దాటకపోతే వడ్లు మంచివి కావు. ఇంతకీ ఈ 67 ఏ తేమ దగ్గర? కొనుగోలులో 17 శాతం దాకా తేమ ఒప్పుకుంటారు, బియ్యం 14 శాతం మించకూడదు. మన పుట్టి 850 కిలోలు. 17 శాతం తేమతో కాటా వేసిన పుట్టి 14 శాతానికి ఆరేసరికి 820 కిలోలే ఉంటుంది. హార్వెస్టర్‌తో కోసి అటునుంచి అటే లారీకెత్తిన 20 శాతం వడ్లయితే 791కి దిగుతుంది. ఆరిన వడ్ల మీద 68 శాతం బియ్యం దించే మిల్లే, కాటా బరువు మీద లెక్కిస్తే మొదటి సరుకుకు 65.6, రెండో సరుకుకు 63.3 చూపిస్తుంది. మరలో ఏ లోపమూ లేకపోయినా ఆపరేటర్‌కు చీవాట్లు తప్పవు.

ఈ తరుగు కట్టడంలోనూ ఒక పొరపాటు బాగా పాతుకుపోయింది. 20లోంచి 14 పోతే 6, కాబట్టి పుట్టికి 51 కిలోలు అనుకుంటారు. నిజంగా పోయేది 59. తేమల తేడాను బరువుతో గుణించి 100తో కాదు, 86తో భాగించాలి. ఎందుకంటే చివరికి మిగిలే సరుకులో గింజ పదార్థం 86 పాళ్లు. పుట్టికి ఎనిమిది కిలోల ఈ తేడా కొనుగోలు ధరలోనే తేలిపోవాలి. తేలకపోతే అది దిగుబడి తగ్గినట్టుగా మర ఖాతాలో పడుతుంది.

మిల్లులో కొలత పెట్టవలసిన చోట్లు కూడా ఇలాంటివే, అంటే సరుకు ఒకరి బాధ్యతలోంచి మరొకరి బాధ్యతలోకి వెళ్లే చోట్లు. గేటు దగ్గర కొనేవారి నుంచి గోడౌనుకి, గోడౌను నుంచి డ్రైయర్‌కి, అక్కడి నుంచి రబ్బరు రోళ్లతో ఊక ఒలిచే షెల్లర్‌కి, తవుడు గీకే పాలిషర్ దాటి బస్తాకి. ఈ మలుపుల్లో బరువూ తేమా రాస్తే పోయింది ఎక్కడో తెలుస్తుంది. మొదట్లో ఒకసారి, చివర ఒకసారి మాత్రమే తూస్తే ఒకరినొకరు అనుకోవడమే మిగులుతుంది.

గేటు దగ్గర గోతాల బరువు చిన్న విషయంలా కనిపిస్తుంది. 50 కిలోల కొత్త జనపనార సంచి 580 గ్రాములు. లారీలో 400 సంచులుంటే 232 కిలోలు, పావు పుట్టికి పైనే. ప్లాస్టిక్ సంచులు చాలా తేలిక, వానకు తడిసిన గోతం ఇంకా బరువు. అన్నిటికీ ఒకే తరుగు తీస్తే ఒకసారి రైతుకు, ఒకసారి మిల్లుకు అన్యాయం. పది ఖాళీ సంచులు తూచి సగటు వేసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. తేమ శాంపిలు పైబస్తాలోంచే తీయడం ఇంకో జాడ్యం. లోడుకు కనీసం పది బస్తాల్లో, పైవీ అడుగువీ కలిపి బొంబు (గోతంలోంచి గింజలు తీసే గొట్టం) గుచ్చి చూడాలి.

ఇక అసలు డబ్బు పోయే చోటు నూక. మొత్తం దిగుబడి 68 దగ్గరే నిలకడగా ఉండి, అందులో నిండు గింజ 54 నుంచి 52కి పడిపోతే బస్తాల లెక్కలో కనబడదు, నూక కూడా బస్తాలోకే ఎక్కుతుంది కనక. రోజుకు 60 పుట్లు ఆడే మిల్లులో వడ్ల బరువు మీద ఒక్క శాతం నిండు గింజ నూకగా మారితే 510 కిలోలు. బియ్యానికీ నూకకూ కిలోకు 20 రూపాయల తేడా అనుకుంటే రోజుకు 10,200 రూపాయలు. నెలకు 25 రోజులు ఆడితే రెండున్నర లక్షల పైమాటే. కొలవడం కష్టమేమీ కాదు. రెండు గంటలకోసారి బియ్యం దిగే చోట వంద గ్రాములు పట్టి, నిండు గింజ పొడవులో ముప్పాతిక కన్నా చిన్న ముక్కల్ని వేరు చేసి తూచాలి. కొత్తవారికి పావుగంట, అలవాటైన చేతికి ఐదారు నిమిషాలు.

నూక పెరిగితే వెంటనే పాలిషర్ మీద పడతారు. ముందు వడ్లనే చూడాలి. పగలు రోడ్డు మీద ఎర్రటి ఎండకు ఎండి రాత్రి మంచుకు తడిసిన గింజ లోపలే చీలిపోతుంది. పైన పొట్టు ఉంటుంది కాబట్టి కొనేటప్పుడు తెలియదు. వంద గింజలు చేత్తో ఒలిచి, అద్దం ముక్క మీద పరిచి కింద నుంచి సెల్‌ఫోను లైటు వేస్తే అడ్డగీతలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇరవై గింజలకు గీతలుంటే వాటిని ఏ ఆపరేటరూ నిండుగా దించలేడు. ఈ ఒక్క అంకె లోడు పక్కన రాసి పెడితే కొనుగోలు చూసేవారికీ మర నడిపేవారికీ మధ్య సగం తగాదాలు ఉండవు. డ్రైయర్ నుంచి దిగిన వడ్లను చల్లారనివ్వకుండా ఎక్కించినా ఇదే తంతు. ఒక రాత్రయినా కుప్పలో నిలవ ఉంటే గింజ లోపలి తేమ సర్దుకుంటుంది.

తరువాత షెల్లర్. కింద గుప్పెడు పట్టి వంద గింజలు లెక్కపెట్టండి. పది పదిహేను గింజలు ఊకతోనే ఉన్నాయంటే సరిగ్గా నడుస్తున్నట్టు, అవి సెపరేటర్ దగ్గర విడిపడి వెనక్కి వస్తాయి. మూడో నాలుగో ఉన్నాయంటే రోళ్లు మరీ బిగించారు, నూక ఖాయం. పాతిక ముప్పై ఉంటే రోళ్లు అరిగాయి. రెండు రబ్బరు రోళ్లలో ఒకటి వేగంగా, ఒకటి నిదానంగా తిరుగుతాయి. ఊక ఒలిచేది ఆ వేగాల తేడాయే. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది, అరిగితే చుట్టుకొలత తగ్గి తేడా కూడా తగ్గిపోతుంది. అప్పుడు రోళ్లను అటుదిటు మార్చాలి గానీ ఒత్తిడి పెంచకూడదు. చేసేదేమో ఒత్తిడి పెంచడమే. రోళ్ల ఖర్చు తగ్గించాలని స్టోర్సుకు లక్ష్యం పెట్టిన మిల్లుల్లో ఇది మరీ ఎక్కువ. జత మీద మరో వంద పుట్లు లాగామని సంతోషిస్తారు. ఆ వంద పుట్లలో పోయిన నిండు గింజ ఎవరి ఖాతాలోనూ ఉండదు.

తవుడు, ఊక కూడా తూచాలి. వంద కిలోల ఆరిన వడ్లకు ఊక 20, తవుడు 8, బియ్యమూ నూకా కలిసి 68, తక్కినది తాలూ మట్టీ అనుకుంటే, తవుడు తొమ్మిదిన్నరకు చేరిన రోజున బియ్యాన్నే గీకి తవుడు రేటుకు అమ్ముతున్నారన్నమాట. ఊక కుప్పలోంచి చేటెడు తీసి చెరిగి చూడండి. చేటలో నిండు గింజలు మిగిలాయంటే ఫ్యాను గాలి ఎక్కువైంది. ఏ కంప్యూటరూ చెప్పని విషయం అది, చేట చెబుతుంది.

ఇవన్నీ కొలిచినా, జీతంతో పాటిచ్చే ఇన్సెంటివ్ బస్తాల మీదే ఉంటే ఫలితం ఉండదు. షిఫ్టుకు 30 పుట్లు ఆడే మరలో 33 ఆడించమంటే ఆడిస్తారు. తూము తెరిచి పోత పెంచుతారు, పాలిషర్ వేడెక్కుతుంది, జల్లెడలు మూసుకుపోతాయి. నిండు గింజ రెండు శాతం తగ్గితే 561 కిలోలు, పైలెక్కన 11,220 రూపాయలు. ఎక్కువ ఆడిన మూడు పుట్లకు పుట్టికి వెయ్యి మిగిలినా వచ్చేది మూడు వేలు. ఇన్సెంటివ్ ఇవ్వాలంటే పుట్టికి ఎన్ని కిలోల నిండు గింజ దించారన్నదాని మీద, అదీ 14 శాతం తేమకు సరిచేసి, చీలిన వడ్ల అంకె చూసుకుని ఇవ్వాలి. షిఫ్టులో ఒక్కరికి కాకుండా అందరికీ ఇవ్వాలి. నూక శాంపిలు తూచేది ఆ షిఫ్టు మనిషి కాకూడదన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అంకెలు రావడం మొదలయ్యాక ఇంకో తెగులు పట్టుకుంటుంది, రోజూ పిలిచి నిలదీయడం. నిన్న నిండు గింజ 54.6, ఇవాళ 53.4 అంటే సంజాయిషీ అడుగుతారు. అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన వాల్టర్ షూహార్ట్ 1924లోనే దీనికి విరుగుడు గీసి ఇచ్చాడు. ఇరవై రోజుల అంకెలు రాసి సగటు కట్టండి. ఏ రోజుకారోజు ముందురోజుతో ఉన్న తేడాల సగటు కూడా కట్టి 2.66తో గుణించండి. సగటు 54, తేడాల సగటు 0.9 అనుకుంటే లబ్ధం 2.4. దాన్ని సగటుకు కలిపి ఒక గీత, సగటులోంచి తీసి ఒక గీత గీయండి. అంటే 51.6కూ 56.4కూ మధ్య వచ్చేవన్నీ మామూలు ఊగిసలాటే, వాటి మీద ఎవరినీ అరవాల్సిన పని లేదు. ఆ గీత దాటిన రోజు, లేదా వరసగా ఎనిమిది రోజులు సగటు కిందే ఉంటే, అప్పుడు మర ఆపి వెతకాలి. రకాన్ని బట్టి గీతలు వేరుగా గీయాలి. నెల్లూరు మసూరినీ ముతక రకాన్నీ ఒకే పటంలో వేస్తే ఏదీ అర్థం కాదు.

మర ఆగిన సమయం నిమిషాల్లో, కారణంతో సహా రాయాలి. బెల్టు, ఎలివేటర్ కప్పు, కరెంటు, వడ్లు అందక, ముఠా కూలీలు రాక. పన్నెండు గంటల షిఫ్టులో పది గంటలే నడిస్తే 83 శాతం, గంటకు నాలుగు టన్నుల మర 3.4 ఆడితే 85 శాతం. రెండూ గుణిస్తే 71. రోజంతా మర తిరుగుతూనే ఉందని అందరూ అంటున్నా ముప్పై శాతం ఖాళీ ఉందన్నమాట. నెల గడిచాక కారణాలు కూడితే ‘కరెంటు’ అనుకున్నది నిజానికి ‘వడ్లు అందక’ అని బయటపడడం కద్దు.

కరెంటు యూనిట్లను పుట్లతో భాగించి మీ మిల్లులో మంచి నెలతో పోల్చుకోవడం చాలు, పక్క మిల్లుతో పోలిక వద్దు. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షను బిల్లు కేవీఏహెచ్ మీద, అంటే లైను నుంచి లాగిన మొత్తం మీద వస్తుంది కాబట్టి పవర్ ఫ్యాక్టర్ (లాగినదానిలో నిజంగా పనికొచ్చే పాలు) 0.85 ఉంటే వంద యూనిట్లు వాడి 118కి కడతారు. పవర్ ఫ్యాక్టరును సరిచేసే కెపాసిటర్లు పాడైన నెల ఇది వెంటనే తెలుస్తుంది. నిల్వ సరుకు వడ్డీ కూడా పుట్టి లెక్కనే చూడాలి. 2025-26 ఏ గ్రేడ్ మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు, పుట్టికి 20,306. పదిన్నర శాతం వడ్డీకి నెలకు దాదాపు 178 రూపాయలు. రబీ వడ్లను ఎడగారు (రబీ తరువాత వేసే పంట) కోతల దాకా ఆపితే అయిదారు నెలల వడ్డీ, దాని మీద ఎలుకల వాటా.

ఈ బెడద బియ్యం మిల్లులకే కాదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి వైపు గ్రానైటు పాలిషింగు యూనిట్లలో చదరపు అడుగులు లెక్కపెడతారు గానీ మందం కొలవరు. 20 మిల్లీమీటర్ల పలక, బ్లేడు తినే 6 కలిపి 26 లెక్కన మీటరు రాయిలో 38 పలకలు. బ్లేడు ఊగి 21 పడితే 37. ఒక్క మిల్లీమీటరుకు మీటరుకో పలక పోతుంది, కొనేవాడు ఆ ఎక్కువ మందానికి పైసా ఇవ్వడు.

కేంద్రం 2023 మార్చి 10న మళ్లీ మొదలుపెట్టిన, చిన్న, మధ్యతరహా పరిశ్రమల్లో వృథా తగ్గించే ఎంఎస్ఎంఈ లీన్ పథకంలో ఇలాంటి పనికి కన్సల్టెంటు ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) ఉన్న మిల్లుకు మొదటి మెట్టు ఉచితం. జిల్లా పరిశ్రమల కేంద్రం, మిల్లర్ల సంఘాలు దీన్ని కోవూరు, బుచ్చి మిల్లుల దాకా తీసుకురావాలి. వచ్చిన కన్సల్టెంటు గోడ మీద రంగుల బోర్డు వేసి ఫొటో తీసుకుని వెళ్లకుండా, ముందు తేమ మీటరును ఓవెన్ పరీక్షతో (వడ్లను ఓవెన్‌లో ఆరబెట్టి, తగ్గిన బరువును తూచే పరీక్ష) సరిచూడమనండి. మీటరు ఒక్క శాతం తప్పు చూపిస్తే పుట్టికి పది కిలోల తేడా. ఈ పనికి రబీ వడ్లు వచ్చేదాకా ఆగనవసరం లేదు. ఎడగారు సరుకు తక్కువ, మర తీరిగ్గా ఉంటుంది కాబట్టి ఇరవై రోజుల అంకెలు అప్పుడే పోగుచేసుకోవచ్చు.

ఇట్లు,
బియ్యం మిల్లుల లెక్కలు చూసే ఒక పాఠకుడు,
బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరు జిల్లా