గోడలు పూయించకముందే ఈ ఉత్తరం చదువు

మల్కాజిగిరి,
ఆదివారం పొద్దున.

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి 3 నెలలైంది. జవాబు రాయనందుకు ఏమీ అనుకోకురా. రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ సగంలో ఆగిపోయింది. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చింది, మా ఆవిడకి మెడనొప్పి తగ్గింది, మామిడిచెట్టు ఈసారి కాయలేదు. కబుర్లు ఇంతే. నిన్న రాత్రి నువ్వు పంపిన ఫోటోలో మీ హనుమకొండ ఇంటికి గోడలు లేచి కనబడ్డాయి చూడు, ఇక ఆగలేకపోయాను. ప్లాస్టరింగ్ మొదలయ్యేలోపు ఈ సంగతి నీ చెవిన పడాలి.

వైఫై సంగతి. నవ్వకు, చదువు.

మా ఇల్లు నీకు తెలిసిందే. కింద నాన్న, పైన మేము. ఫైబర్ లైను పై వరండాలోంచి వచ్చి ముందుగదిలో దిగుతుంది. నెట్ వాళ్లు ఇచ్చిన డబ్బా నాలుగేళ్లుగా అక్కడే, అమ్మ బీరువా వెనక ఉంది. పైన మాకు ఏ ఇబ్బందీ లేదు. కింద నాన్న ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆయన సంగతి నీకు తెలుసు కదా, నోరు తెరిచి అడగరు.

జూలైలో ఒక రాత్రి, తొమ్మిదిన్నర అయి ఉంటుంది. ముసురు పట్టింది. మోటారు ఆపడానికి కిందికి దిగుతుంటే మెట్ల మలుపులో నాన్న కూర్చుని ఉన్నారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఫోను. ఫోనులో అక్క. అక్కకి అక్కడ తెల్లారి, ఆఫీసు పనిలో పడేలోపు దొరికే టైం అదే. తెర మీద అక్క ముఖం నోరు సగం తెరిచి అలాగే నిలిచిపోయి ఉంది. నాన్న మాత్రం "వినపడుతోందా అమ్మా, వినపడుతోందా" అంటూనే ఉన్నారు.

"ఇక్కడ కూర్చున్నారేంటి నాన్నా, వానలో?" అన్నాను.

"ఏడో మెట్టు మీద రెండు గీతలు వస్తాయిరా. గదిలో రావు" అన్నారు, పాలు రాలేదని చెప్పినంత మామూలుగా.

ఎన్నాళ్ల నుంచి అంటే అమ్మ పోయినప్పటి నుంచి అట. రెండేళ్లు, మామా. రోజూ రాత్రి ఆ మెట్టు మీద. పైన నేను మంచం మీద పడుకుని క్రికెట్ చూస్తూ ఉండి ఉంటాను. 76 ఏళ్ల మనిషి, తడి మెట్టు... సరే, అది వదిలెయ్.

మర్నాడే ఆన్‌లైన్‌లో నాలుగు యాంటెనాల రూటర్, అదే వైఫై పంచే డబ్బా, తెప్పించాను. పెట్టె మీద 1200 అని ఇంత పెద్ద అంకె. మా ప్లాను 200 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 200 మెగాబిట్ల వేగం. ఇంకేం కావాలి అనుకున్నాను. పెట్టి స్పీడ్ టెస్ట్ చేస్తే 94. డబ్బా పక్కనే కూర్చుని చేసినా 94. రాత్రి, పొద్దున, ఎప్పుడు చూసినా 94, 95. ఏడో మెట్టు మీద రెండు గీతలు మూడయ్యాయి. నాన్న గదిలో ఒక్క గీత, అదీ వస్తూ పోతూ.

ఆ 94 నన్ను పట్టుకుని వదల్లేదురా. సిగ్నల్ తక్కువైతే అంకె ఎక్కుతూ దిగుతూ ఉండాలి కదా, ఒకేచోట ఎందుకు ఆగుతుంది? శనివారం మెట్టుగూడలో మెట్రో ఎక్కి, ప్యారడైజ్‌లో దిగి, పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోయాను. అవును, మన సీటీసీయే.

మూడు షాపులు తిరిగాక నాలుగోదాంట్లో ఒక పెద్దాయన దొరికారు. ఎంతలో కావాలి, ఏ కంపెనీ కావాలి అని అడగలేదు. బిల్లు పుస్తకం వెనక్కి తిప్పి, పెన్ను ఇచ్చి, "ఇల్లు గియ్యండి సార్" అన్నారు. గీశాను. బీరువా ఎక్కడ అని అడిగి దాని చుట్టూ సున్నా చుట్టారు. "ఇనుప బీరువా వెనక దాచిపెట్టి, ఇనుప చువ్వల స్లాబు కింద ఉన్నాయనకి వినపడమంటే ఎట్లా వినపడతది?" అన్నారు.

అప్పుడు ఒక్కొక్కటే చెప్పారు. వైఫై రెండు రేడియో దారుల్లో నడుస్తుందట. పెట్టె మీది 1200 అంటే 2.4 గిగాహెర్ట్జ్ దారిలో 300, 5 గిగాహెర్ట్జ్ దారిలో 867, రెండూ కలిపి పైకి సరిచేసి వేసిన అంకె. ఏ ఒక్క ఫోనుకీ అంత రాదు. 2.4 గోడలు దాటి దూరం పోతుంది కానీ నిదానం, పైగా చుట్టుపక్కల ఇళ్లన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. 5 వేగం, కానీ రెండు గోడలు అడ్డొస్తే నీరసపడుతుంది. మరి యాంటెనాలు ఇంకా ఎక్కువుంటేనో అన్నాను. ఆయన చెప్పింది విను, నాకు ఇది ఎప్పుడూ తట్టలేదు: రూటర్ ఎంత గట్టిగా అరిచినా, నాన్నగారి ఫోను తిరిగి జవాబు చెప్పాలి. ఫోను గొంతు చిన్నది. ఆ జవాబు స్లాబు దాటి పైకి రాకపోతే ఎన్ని గీతలు కనపడినా మాట తెగుతుంది. అక్క ముఖం తెర మీద నిలిచిపోవడం అదే మామా!

94 గుట్టు కూడా ఆయనే విప్పారు. ఆ రూటర్ వెనక కేబుల్ గుచ్చే పోర్టులు 10/100వి. లోపల వైఫై ఎంతున్నా, నెట్ లోపలికి వచ్చే ద్వారం వందకి మించి పట్టదు. ఆ వందలో డేటాకి తొడిగే పైతొడుగుల ఖర్చు పోను మిగిలేది 94, 95. "సంపు ఎంత పెద్దగ కట్టినా పైపు అరంగుళమే అయితే ఏం లాభం సార్?" పెట్టె మీద యాంటెనాల సంఖ్య కాదు, గిగాబిట్ పోర్టు, అంటే వెయ్యి దాకా పట్టేది, అన్న మాట వెతకాలట.

రిపీటర్ పెడతానన్నాను. వద్దన్నారు. మామూలు రిపీటర్ గాలిలో విన్న మాటనే మళ్లీ అదే గాలిలో చెప్పాలి కాబట్టి వేగం సగం పోతుంది. ఖరీదైన రూటర్ ఒకటి కొని పెట్టినా స్లాబు స్లాబే. అందుకని మధ్యరకం వైఫై 6 రూటర్లు రెండు, గిగాబిట్ పోర్టులున్నవి, ఒకటి పైన, ఒకటి కింద. మధ్యలో కేబుల్. కిందది యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే కేబుల్‌లో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచేలా పెట్టి, రెండింటికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. రెండూ కలిపి 7 వేల లోపే అయ్యాయి, 30 మీటర్ల క్యాట్ 6 రకం నెట్ కేబుల్ వేరే. పెద్ద మోడల్ అంటగట్టి ఇంకో 5 వేలు లాక్కోవచ్చు ఆయన. లాక్కోలేదు.

ఆదివారం కేబుల్ అబ్బాయి వచ్చాడు. బయట గోడ మీదుగా దించి, నాన్న కిటికీ చెక్క పక్కనుంచి లోపలికి తెచ్చాడు. కేబుల్ కొసకి క్లిప్పు కొట్టాడు. నేను టెస్ట్ పెట్టాను.

94.

గుండె జారిపోయిందంటే నమ్ము. కొత్త రూటరు, గిగాబిట్ పోర్టు, క్యాట్ 6, మళ్లీ 94! మా అమ్మాయి నా చేతిలోంచి క్లిప్పు తీసుకుని టార్చి వేసి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. లోపల ఎనిమిది సన్నటి తీగలు, నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, ఒక్కో రంగుకీ ఒక తెల్లచార జోడీ. "నాన్నా, ఈ చివరి గోధుమరంగుది పొట్టిగా ఉంది" అంది. నిజమే. బియ్యపు గింజలో సగమంత. మిగతా ఏడూ క్లిప్పు చివరకి తగిలి నిలబడితే అదొక్కటి లోపలే ఆగిపోయింది. వంద వేగానికి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. ఒక్క తీగ అందకపోయేసరికి రెండు డబ్బాలూ వందకే సర్దుకున్నాయి. ఆ అబ్బాయి కత్తిరించి మళ్లీ కొట్టాడు. 192.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి నాన్న అలవాటు కొద్దీ గొడుగు తీశారు. నేనే చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాను. అక్క వచ్చింది. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు, తెర వంకే చూస్తున్నారు. తర్వాత "నీ వెనక క్యాలెండర్ ఇంకా పోయిన నెలలోనే ఉందేంటమ్మా, తిప్పలేదా?" అన్నారు. అక్క ఒక్క ఏడుపు. నేను మోటారు ఆపాలని బయటికి వచ్చేశాను. మోటారు ఆగే ఉంది.

సరే, ఇక నీ ఇంటి సంగతి. ఫైబర్ లోపలికి వచ్చే చోటు నుంచి ప్రతి అంతస్తులో ఇంటి నడుమకి ఒక ఖాళీ పైపు ఇప్పుడే వేయించు. కరెంటు వైర్ల పైపులో కలపనివ్వకు, విడిగా వేయించు. లోపల లాగడానికి ఒక తీగ వదిలిపెట్టమను. రూటర్ చోటు టీవీ వెనకా కాదు, అరుగు కిందా కాదు, మనిషి తల ఎత్తున, పక్కన ప్లగ్గు పాయింటు. కరెంటు పోతే నెట్ పోకుండా 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, దానికీ చోటు ఉంచు. 2.4లో పైదానికి చానల్ 1, కిందదానికి 11 పెట్టుకో, ఒకదానికొకటి అడ్డుపడవు. మీ అమ్మ గదిలో మాత్రం తప్పకుండా ఒక పాయింటు. ఆవిడ అడగదు, నువ్వే పెట్టించు.

ఇంకా పాస్‌వర్డ్ సంగతి, పెట్టెతో వచ్చింది మార్చాలని... అదిగో ట్యాంకర్ వచ్చింది, హారన్ కొడుతున్నాడు, సంపు మూత తియ్యాలి. మేస్త్రీని వచ్చే ఆదివారం దాకా ఆపు, నేనే వస్తున్నా. కేబుల్ నేను తెస్తా, నువ్వు కొనకు.