బస్సు పడని పిలకాయలను తిట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను తిరుపతిలో ఉంటాను. ఇరవై రెండేళ్లు తిరుమల ఘాట్‌లో బస్సు నడిపి రిటైర్ అయ్యాను. మొన్న ఆదివారం మనవరాలిని తీసుకుని కొండకు వెళ్లి, దిగి వస్తుంటే నా ముందు సీట్లో ఆరేడేళ్ల బాబు వాంతి చేసుకున్నాడు. పొద్దునే గుండు కొట్టించారు. తలకు పూసిన చందనం చెమటకు కరిగి కనుబొమల మీదికి కారుతోంది. వాళ్లమ్మ వీపు మీద ఒక్కటి వేసి, 'ముందే చెప్పొచ్చు కదరా, అందరి ముందర పరువు తీసినావు' అంది.

వాడు చెప్పాడు. మోకాళ్ల మెట్టు దగ్గరే 'అమ్మా, నోట్లో నీళ్లూరుతున్నాయి' అన్నాడు. ఆ మాటకు అర్థం ఆమెకు తెలియలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిన్నపిల్లలు 'వాంతి వస్తోంది' అని చెప్పరు. అప్పటిదాకా వాగుతున్న పిల్ల ఉన్నట్టుండి మౌనంగా అయిపోతుంది. ఆవలింతలు మొదలవుతాయి. ముఖం పాలిపోతుంది, నుదురు చల్లగా చెమట పడుతుంది, మాటిమాటికీ గుటకలు మింగుతుంది. డ్రైవర్ సీటు పైన ఉండే అద్దంలో ఇవన్నీ నాకు కనపడేవి. వెంటనే కండక్టర్‌తో చెప్పి ఆ పిల్లను ముందు సీటుకు పిలిపించేవాణ్ణి. 'అదిగో ఆ మలుపు చూడమ్మా, ఇప్పుడు ఎటు తిరుగుతాం?' అని అడిగేవాణ్ణి. రోడ్డు చూస్తూ చెప్పడం మొదలుపెడితే చాలామంది పిల్లలు తేరుకునేవారు.

దీనికి కారణం మా మనవరాలిని చూసిన పిల్లల డాక్టరు గారు చెప్పారు. ఒళ్లు కదులుతోందని చెవి లోపలి భాగం మెదడుకు చెబుతుందట. కళ్లు మాత్రం ముందు సీటు వెనకభాగాన్నో ఫోన్‌నో చూస్తూ, ఏమీ కదలడం లేదని చెబుతాయి. రెండు కబుర్లూ పొసగక కడుపులో తిప్పుతుంది. డ్రైవర్‌కు మలుపు ముందే తెలుసు, కళ్లు రోడ్డు మీదే ఉంటాయి కాబట్టి మాకు ఆ బాధ తక్కువ. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లలకు ఇది ఎక్కువట. వాళ్లేమీ మొండికేసి చేసేది కాదు.

ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే కష్టం. 1974లో వేసిన రెండో ఘాట్ మీదుగా పైకి వెళ్తాం. దిగేది 1944 నాటి మొదటి ఘాట్‌లో. దాంట్లో వెనక్కి మళ్లే మలుపులే 36. పైగా అప్పటికి పిల్లలకు నిద్ర లేదు, క్యూలో నిలబడి అలసిపోయి ఉంటారు. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో చక్కెర పొంగలి, సాంబారన్నం కడుపునిండా తినిపించి, చేయి కడిగిన వెంటనే బస్సెక్కిస్తారు. ఒక గంట ఆగండి. అలాగని పస్తు పెట్టి ఎక్కించినా వికారమే, రెండు ఇడ్లీలు మంచిది. వెనక చక్రం మీది సీటు వద్దు. కిటికీ తీసి గాలి తగలనివ్వండి. కానీ తల బయటపెట్టి కక్కనివ్వొద్దు, కాళ్లమీద పడతాను. పక్కనే బండరాళ్లు, దాటిపోయే బండ్లు. ఆ భయంతో నేను ఎన్నిసార్లు బస్సు ఆపానో.

కింద పేపరు పరుచుకుని కూర్చుంటే వాంతి రాదని చాలామంది అంటారు. నేను చూసినంతలో పేపరు మీద కూర్చున్నవాళ్లకూ వచ్చింది. ఆ పేపరునే కవరు లోపల మడిచి పెట్టుకుంటే పనికొస్తుంది. నిమ్మకాయ వాసన కొందరికి హాయిగా ఉంటుంది, చూపించండి. మల్లెపూలు, సెంటు మాత్రం దూరంగా ఉంచండి.

మాత్రల విషయంలో చాలా పొరపాట్లు చూశాను. అలిపిరి దగ్గర బస్సెక్కాక మింగిస్తే అది పనిచేసేలోపు కొండ వచ్చేస్తుంది. బయలుదేరడానికి అరగంట, గంట ముందే వేయాలి. పెద్దవాళ్ల మాత్ర విరిచి సగం వేయడం తప్పు. రెండేళ్లలోపు పిల్లలకు ఆ మందుల్లో కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. డాక్టరు చెప్పిన మందు, చెప్పిన మోతాదులోనే వేయండి.

ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి, డీజిల్ వాసన లేదు. అదొక మేలు. అయితే మలుపులు అవే కదా. ఘాట్ బస్సు నడిపే తమ్ముళ్లకు ఒక మాట. మలుపులోకి వెళ్లాక బ్రేకు తొక్కకుండా, ముందే వేగం తగ్గించుకుని లోపల సాఫీగా తిప్పండి. బస్సులు నడిపే అధికారులకు రెండు విన్నపాలు. ముందు వరుస సీట్లు బస్సు పడని పిల్లలకు వదలమని రాయించండి. డ్రైవర్ వెనక ఒక సంచీలో కాగితపు కవర్లు, తాగునీళ్లు పెట్టించండి.

ఆ బాబును మా మనవరాలి పక్కన, ముందు సీట్లో కూర్చోబెట్టాను. ముఖం కడిగించి, మలుపులు లెక్కపెట్టమన్నాను. అలిపిరి వచ్చేదాకా ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. మళ్లీ వాంతి కాలేదు. వాళ్లమ్మ తన కొంగుతో వాడి కనుబొమల మీది చందనం తుడిచింది.

- రిటైర్డ్ బస్సు డ్రైవర్, తిరుపతి